రేపల్లె బండి శ్రుతి

తెనాలి మారీసుపేటలో వలి ఇంటి అరుగు మీద పొద్దున ఏడింటికల్లా నలుగురైదుగురు కూర్చుని ఉండేవాళ్ళు. పక్క వీధి ఆర్‌ఎంపీ డాక్టరు ఆ అరుగు వైపు చూసి నిట్టూర్చేవాడు. ఆయన దగ్గరికి జ్వరాలు, విరేచనాలు వచ్చేవి. వలి దగ్గరికి కాపురాలు వచ్చేవి. మొగుడూ పెళ్ళామూ ఒకే రోజు వస్తే అరుగుకి చెరో చివర కూర్చునేవాళ్ళు, మధ్యలో మూడో మనిషిని కూర్చోబెట్టుకుని.

"మాది మూడో జత, బాబాయ్. నాలుగు రోజులుగా అన్నం పెట్టి, గిన్నె నేల మీద కొట్టి వెళ్ళిపోతోంది."

వలి లోపలికెళ్ళి గోడకున్న మాండలిన్ దించేవాడు. మూడో జత తీగలు మీటి, చెవి దగ్గర పెట్టుకుని, బిరడా వెంట్రుకవాసి తిప్పేవాడు.

"వెళ్ళు. నువ్వు వెళ్ళేసరికి మజ్జిగ కలిపి ఉంచుతుంది."

ఉంచేది.

ఆ మాండలిన్ వలి తాతది. ఆయన పని చేసిన నాటకాల కంపెనీ తెనాలిలోనే మూతపడింది. అప్పుడు రాజు వేషగాడికి కిరీటం మిగిలింది, ఆయనకి మాండలిన్ మిగిలింది. కిరీటం ఏమైందో ఎవరికీ తెలియదు. మాండలిన్ ఆయన కొడుకు అబూబకర్ చేతికి, తర్వాత వలి చేతికి వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళల్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఏ కులం పెళ్ళయినా, ఏ మతం పెళ్ళయినా వాళ్ళు వాయించేవాళ్ళు. దానికి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. తాళి కట్టేటప్పుడో, కబూల్ అనేటప్పుడో, ఉంగరం తొడిగేటప్పుడో మీటు ఏ జత మీద పడితే ఆ జంట ఆ జతది. ఆ తీగలు శ్రుతిలో ఉన్నంతకాలం ఆ కాపురమూ శ్రుతిలో ఉండేది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. కుళాయి నీళ్ళు సాయంత్రమే ఎందుకొస్తాయని కూడా మారీసుపేటలో ఎవరూ అడగలేదు.

మొదటి జత వాళ్ళు కాస్త కీచుగా మాట్లాడతారనీ, నాలుగో జత వాళ్ళు నిదానస్తులనీ నందివెలుగులో ఒక నమ్మకం ఉండేది. నాలుగో జత వాళ్ళు ఆ సంగతి నిదానంగా అందరికీ చెప్పుకున్నారు. ఒకసారి అబూబకర్ పరధ్యానంలో రెండో జతని ఒక పిసరు ఎక్కువ బిగించాడు. ఆ రోజు అమృతలూరు నుంచి పన్నెండు జంటలు మినపచేలో కోతలు వదిలేసి మ్యాట్నీ ఆటకి తెనాలి వచ్చాయి. ఇంటర్వెల్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకుని సిగ్గుపడ్డారు గానీ, ఆట మాత్రం పూర్తిగా చూశారు.

అబూబకర్ కొడుక్కి రెండు నియమాలు చెప్పి పోయాడు. తాంబూలం పుచ్చుకున్న పెళ్ళికి వెళ్ళకుండా ఉండకూడదు, ఇంట్లో ఏం జరిగినా సరే. ఇది ఒకటి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి, ఎనిమిదీ ఒకేసారి విప్పకూడదు. ఇది రెండోది.

రెండోదానికి కారణం ఉంది. మాండలిన్ శ్రుతి హార్మోనియం పెట్టెలోంచి వచ్చింది కాదు. సాయంత్రం ఆరుంపావుకి రేపల్లె నుంచి వచ్చే పొగబండి తెనాలి సిగ్నల్ దగ్గర ఒక కూత కూసేది. అబూబకర్ అరుగు మీద కూర్చుని రెండో జతని ఆ కూతకి కలిపేవాడు. మిగతా మూడూ దాన్నిబట్టి. తర్వాత పొగబండి పోయి డీజిల్ బండి వచ్చింది. దాని హారన్ దున్నపోతు తుమ్మినట్టు ఉండేది. దానికి కలిపితే మూడు ఊళ్ళ కాపురాలు ఏమైపోయేవో తెలియదు. అయినా భయం లేకపోయింది. ఒక తీగ మార్చేటప్పుడు మిగతా ఏడూ పాత కూతని పట్టుకుని ఉండేవి.

ఇన్ని కాపురాలు సరిచేసిన వలి తన ఇంట్లో మాత్రం ఒంటరిగా వండుకు తినేవాడు. భార్య రహీమున్నీసా ఐదేళ్ళ కిందట రేపల్లెలో తమ్ముడు ఫిరోజ్ ఇంటికి వెళ్ళిపోయింది. అరుగు మీద కూర్చున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు. తమ పని అయ్యాక ఇంటికెళ్ళి, కలిపి ఉంచిన మజ్జిగ తాగుతూ, పాపం వలి అనుకునేవాళ్ళు.

వలి, రహీమున్నీసాల పెళ్ళికి మాండలిన్ మోగలేదు. సరిగ్గా ఆ ముహూర్తానికే బాపట్లలో రైస్‌మిల్లు నరసింహారావుకీ సీతారావమ్మకీ పెళ్ళి. ఆ తాంబూలం అబూబకర్ ముందే పుచ్చుకున్నాడు. కొడుకు నిఖా ఒక ఊళ్ళో జరుగుతుంటే తండ్రి ఇంకో ఊళ్ళో పరాయివాళ్ళ పెళ్ళికి వాయించాడు. ఆ మీటు రెండో జత మీద పడింది. అందుకని మూడు ఊళ్ళల్లో ఏ తీగకీ చెందని జంట ఒక్కటే, మాండలిన్ ఉన్న ఇంటి జంట.

అయినా ఇరవై ఎనిమిదేళ్ళు బాగానే గడిచాయి. కూతురు ఫర్హానా పుట్టింది, పెరిగింది. దాని పెళ్ళికి వలి తన చేతుల మీదుగా వాయించాడు. మూడో జత. అమృతలూరులో సుఖంగా ఉంది. ఆ మరుసటి ఏడాది రహీమున్నీసా తల్లి రేపల్లెలో చనిపోయింది. ఆ పొద్దున వలి కర్లపాలెం పెళ్ళికి బయలుదేరుతున్నాడు. తాంబూలం పుచ్చుకున్నాను అన్నాడు. భార్యని రేపల్లె బండి ఎక్కించి తను బాపట్ల వైపు వెళ్ళాడు. జనాజా లేచింది, అల్లుడు లేడు. మూడో రోజు వచ్చాడు, నెత్తి మీద పెళ్ళివాళ్ళు చల్లిన కాగితం పూలు ఇంకా రెండు ఉన్నాయి.

"మన పెళ్ళికి మీ నాన్న రాలేదు. మా అమ్మ చావుకి మీరు రాలేదు," అంది రహీమున్నీసా. "మీ మాండలిన్ ఊరందరి గడపా తొక్కుతుంది. మన గడప తప్ప."

ఆమె తెనాలి తిరిగి రాలేదు. వలికి ఏం చేయాలో తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఎవరి భార్య అలిగినా తిప్పడానికి ఒక బిరడా ఉంటుందని నేర్చుకున్నాడు. దీనికి లేదు.

రెండేళ్ళ కిందట వలి ఎడమ చేతి రెండు వేళ్ళు చచ్చుబడ్డాయి. అప్పటికే పెళ్ళిళ్ళలో కీబోర్డులు వచ్చేశాయి గనక ఆ సంగతి అరుగు మీద వాళ్ళకి తప్ప ఎవరికీ పట్టలేదు. తిప్పడానికి కుడిచేయి చాలు గదా అని వాళ్ళు ఊరట చెందారు. కానీ రెండువేల ఆరు వానల్లో మాండలిన్ పాడైంది. వానాకాలం నాలుగు నెలలూ దాన్ని పొయ్యి గోడకి మార్చి, తడి తుడిచి, మళ్ళీ చలికాలానికి హాల్లోకి తెచ్చేది రహీమున్నీసా. అలా ఒక పని ఉందని వలికి ఆమె వెళ్ళిన ఐదో వానాకాలానికి తెలిసింది. అప్పటికి మాండలిన్ బుర్ర పగిలి, మెడ ముందుకి వంగింది, పక్కింటి దొడ్లోకి తొంగిచూసే మనిషి మెడ వంగినట్టు. బిరడా తిప్పితే తిరిగేది. తీగ నిలిచేది కాదు.

మూడు ఊళ్ళల్లో గిన్నెల చప్పుడు ఎక్కువైంది. నందివెలుగులో రాఘవయ్య గేదెల కొట్టంలో పడుకోవడం మొదలుపెట్టాడు. అక్కడైతే ఎవరూ మాట్లాడించరని చెప్పాడు గానీ, ఇంట్లో కూడా ఎవరూ మాట్లాడించడం లేదని ఊరంతటికీ తెలుసు.

ఒక బుధవారం బాపట్ల నుంచి సీతారావమ్మ వచ్చింది. మూడు ఊళ్ళల్లో అరుగు మీద ఎక్కకుండా తిన్నగా ఇంట్లోకి వచ్చే హక్కు ఆమె ఒక్కతికే ఉందని ఆమె అభిప్రాయం.

"వలీ, మా ఆయన నాతో మాట్లాడి ఇరవై రెండు రోజులైంది."

"చివరిసారి ఏమన్నారండి?"

"'ఉప్పు' అన్నారు. తక్కువైందో ఎక్కువైందో చెప్పేలోపు శ్రుతి పోయింది."

"బిరడా నిలవడం లేదక్కయ్యా. మెడ వంగింది. నా చేతుల్లో లేదు."

"రేపల్లెలో లాజరు ఉన్నాడు కదా. పడవలకి చెక్కలేస్తాడు, చర్చి గిటార్లు బాగుచేస్తాడు. అతనికివ్వు."

"రేపల్లె దూరం కదండి."

సీతారావమ్మ అతని వైపు కాసేపు చూసింది. "గంట ప్రయాణం. ముప్పై ఏళ్ళు దూరం కానిది ఇప్పుడెప్పుడు దూరమైంది?"

వలి గోడ మీది మాండలిన్ దించి, మళ్ళీ తగిలించాడు.

"మీ పెళ్ళికి మోగాల్సింది మా పెళ్ళికి మోగింది," అంది ఆమె, గొంతు తగ్గించి. "ఎన్నిసార్లు నీ అరుగు మీద కూర్చున్నా, అది నాకు గుర్తొస్తూనే ఉంటుంది. నువ్వు రేపల్లె వెళ్ళు. మా కోసమని చెప్పుకో, పరవాలేదు."

మర్నాడు వలి మాండలిన్‌ని గోనెసంచిలో పెట్టుకుని రేపల్లె బండి ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వడ్రంగి దగ్గరికి వెళ్ళడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని స్టేషన్ దాకా ఎనిమిది మంది అనుకున్నారు, ఒక్కరూ అడగలేదు.

లాజరు షెడ్డు కాలవ పక్కన ఉంది. ఒకవైపు సగం చేసిన పడవ, ఒకవైపు కాలు విరిగిన కుర్చీలు, పైన వేలాడుతూ రెండు గిటార్లు. లాజరు మాండలిన్‌ని తిప్పి తిప్పి చూశాడు, గోటితో బుర్ర మీద కొట్టి విన్నాడు.

"బుర్ర అతుకుతాను అన్నా. మెడ విప్పి, ఆవిరి పట్టి, బద్దలు కట్టి నిటారు చేయాలి. బిరడాల పిడులు పుచ్చిపోయాయి, పనసచెక్కతో కొత్తవి చేస్తాను. ఇరవై రోజులు పడుతుంది."

"అన్నీ చేయి. తీగలు మాత్రం ఎనిమిదీ విప్పకు. పాత కూత ఇంకా మరవనిది ఒక్కటుంచు. ఎలాగో ఒకలాగ ఒక్కటి ఉంచు."

"మెడ విప్పేటప్పుడు తీగెలా ఉంటుందన్నా?"

"విప్పేముందు నన్ను పిలువు. దాన్ని విని, దానికి సరిపడా ఇంకో తీగ గిటారుకి కట్టి పెట్టుకుందాం. ఆ తర్వాతే విప్పుదువుగాని."

లాజరు సరేనన్నాడు. వలి ఇప్పుడే టీ తాగి వస్తానని బయటికి వెళ్ళాడు. టీ కొట్టు షెడ్డు ఎదురుగానే ఉంది. వలి నాలుగు వీధులు దాటి, ఫిరోజ్ ఇల్లున్న సందు మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగాడు. ఒక టీ తాగాడు. సందులో తీగ మీద ఆరేసిన నీలం చీర కనిపించింది. అది తను కొన్నదే. ఇంకో టీ తాగాడు. చీర తీయడానికి ఎవరైనా వస్తారేమోనని ఇంకొకటి తాగాడు. ఎవరూ రాలేదు. టీ కొట్టువాడు ఆయన్ని చూసి, వయసు మళ్ళాక ఇంత టీ మంచిది కాదన్నాడు.

తిరిగి వచ్చేసరికి గంటన్నర గడిచింది. లాజరు పనిమంతుడు, ఖాళీగా కూర్చోలేడు. రోజువారీ పనిలో ఉన్నట్టే చేతులు వాటంతటవి కదిలాయి. బల్ల మీద మాండలిన్ మెడ వేరుగా, బుర్ర వేరుగా ఉన్నాయి. పక్కన ఎనిమిది తీగలు చుట్టచుట్టి పొందిగ్గా పెట్టి ఉన్నాయి.

వలి ఆ చుట్టల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"పిలుద్దామనే బయటికొచ్చానన్నా," అన్నాడు లాజరు, తల దించుకుని. "టీ కొట్టులో నువ్వు లేవు."

వలి అతన్ని తప్పుపట్టలేకపోయాడు. ఎక్కడున్నాడో తనకి తెలుసు.

తీగలు మొత్తం ఊడిపోతే కాపురాలు కూలిపోతాయని అందరూ అనుకున్నారు. అలా జరగలేదు. మూడు ఊళ్ళల్లోనూ ఉన్నట్టుండి మర్యాద పెరిగిపోయింది. భార్యాభర్తలు బస్సులో పక్క సీట్లో కూర్చున్న కొత్త మనుషుల్లా మెలగడం మొదలుపెట్టారు. రాఘవయ్య కొట్టంలోంచి ఇంట్లోకి వచ్చి, "కాస్త జరుగుతారాండి" అని భార్యని అడిగి మంచం మీద ఒక పక్కన కూర్చున్నాడు. బాపట్లలో సీతారావమ్మ అన్నం వడ్డిస్తూ, "మీరెక్కడ దిగాలండి?" అని నరసింహారావుని అడిగింది. ఆయన కాస్త ఆలోచించి, "ఇక్కడేనండి" అన్నాడు. పోట్లాటలు లేవు. ముచ్చట్లూ లేవు. పిల్లలు హడలిపోయి బుద్ధిగా చదువుకున్నారు.

లాజరు మాట ప్రకారం ఇరవై రోజుల్లో పని పూర్తి చేశాడు. కబురందుకుని వలి మళ్ళీ రేపల్లె వచ్చాడు. బుర్ర మీద అతుకు వేలితో తడిమితే తప్ప తెలియదు. మెడ నిటారుగా ఉంది. పనసచెక్క పిడులు పసుపు రాసినట్టు మెరుస్తున్నాయి. కొత్త తీగలు ఎనిమిదీ ఎక్కించాడు. ఏ శ్రుతికి బిగించాలో మాత్రం చెప్పేవాళ్ళు లేరు.

పొగబండి మీద ఇరవై ఏళ్ళు బొగ్గేసిన తోమాసు ఊళ్ళోనే ఉన్నాడని తెలిసి వెళ్ళారు. తోమాసు కూత కూసి చూపించాడు. వినగానే లాజరు కుక్క బల్ల కిందికి దూరింది. రెండోసారి కూయమంటే వేరేగా కూశాడు. మూడోసారి దగ్గొచ్చింది. "బొగ్గు వాసన చెప్పమంటే చెప్తాను," అన్నాడు తోమాసు, నిజాయితీగా.

ఆ సాయంత్రం ఫిరోజ్ షెడ్డుకి వచ్చాడు. అతనికి సైకిల్ షాపు ఉంది, బల్ల కాలు ఊగుతోందని వచ్చాడు. బావని చూసి కాస్త ఇబ్బందిపడి, మాటలు లేక ఆరోగ్యం సంగతి ఎత్తుకున్నాడు.

"నాకు గ్యాస్ ఎక్కువైంది బావా. అంతా మా అక్క వల్లే. రోజూ సాయంత్రం రెండు గ్లాసుల టీ పెడుతుంది. తనొకటి తాగుతుంది. రెండోది పారబోయలేక నేను తాగుతాను. ఐదేళ్ళుగా. వద్దంటే వినదు."

"రెండెందుకు?" అన్నాడు లాజరు.

"ఏమో. ఆరుంపావుకి ముక్కుతో రైలు కూసినట్టు ఒక కూత తీస్తుంది, లేచి నీళ్ళు పెడుతుంది. తెనాలి అలవాటంట."

పెళ్ళయిన కొత్తలో వలి రేపల్లె వైపు పెళ్ళిళ్ళు ముగించుకుని ఆ బండికే ఇంటికొచ్చేవాడు. సిగ్నల్ దగ్గర కూత వినపడగానే ఆమె టీకి నీళ్ళు పెట్టేది. అతను గడప ఎక్కేసరికి గ్లాసు చేతికొచ్చేది. పొగబండి పోయాక కూత ఎలా తెలిసేదో, టీ ఆలస్యం ఎందుకు కాలేదో వలి ఎన్నడూ ఆలోచించలేదు.

వలి ఆ రాత్రి షెడ్డులోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే ఫిరోజ్ ఇంటికి వెళ్ళాడు. రహీమున్నీసా వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. జుట్టు తెల్లబడింది. వలి నిలబడే మాట్లాడాడు.

"ఆ పాత బండి కూత నీకు వచ్చంట కదా. ఒక్కసారి తీస్తావా? మాండలిన్ శ్రుతి పోయింది."

ఆమె చిక్కుడుకాయ విరిచింది. "మాండలిన్ కోసం వచ్చారా?"

"అవును," అని, ఆమె మొహం చూసి, "మూడు ఊళ్ళ వాళ్ళు ఇబ్బంది పడుతున్నారు," అన్నాడు. దాంతో సంగతి మరీ పాడైంది.

"మూడు ఊళ్ళ వాళ్ళనే అడగండి," అని ఆమె చాట తీసుకుని లోపలికి వెళ్ళింది.

వలి ఆ పగలంతా షెడ్డులో పడవ అంచు మీద కూర్చున్నాడు. లాజరు అన్నం తెచ్చి పెట్టాడు, తిన్నాడు. నాలుగున్నరకి లేచి మాండలిన్ గోనెసంచిలో పెట్టుకున్నాడు.

"పిడుల జిగురు ఇంకా ఆరలేదన్నా. రేపటిదాకా ఉంచు."

"శ్రుతి లేనిదానికి పిడులెలా ఉంటేనేంలే లాజరూ."

తెనాలి బండికి చాలా టైముంది. వలి స్టేషన్ వైపు నడిచాడు, మధ్యలో తిరిగాడు. ఈసారి సందు మొదట్లో ఆగలేదు. ఫిరోజ్ ఇంటి వసారాలో సంచి దించి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి రహీమున్నీసా వచ్చి చూసింది.

"మళ్ళీ కూత కోసమేనా?"

"కాదు. అది పోయింది. తెనాలి వెళ్ళి అందరికీ అదే చెప్పేస్తాను. వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు."

"మరెందుకొచ్చారు?"

వలి చాలాసేపు తన చెప్పుల వైపు చూశాడు.

"మీ అమ్మ మీద మట్టి వేసిన చేతుల్లో నా చేయి లేదు," అన్నాడు. "తాంబూలం పుచ్చుకున్నానన్నాను. నేను పోకపోతే కర్లపాలెం వాళ్ళు ఇంకో వాయిద్యాన్ని పిలుచుకునేవాళ్ళు. నీకు పిలుచుకోడానికి ఇంకో మొగుడు లేడు కదా. నేను రావాల్సింది. రాలేదు. తప్పు నాది."

కోడి ఒకటి వసారా ఎక్కబోయి, ఇద్దర్నీ చూసి దిగిపోయింది.

"ఇంత మాటకి ఐదేళ్ళు పట్టిందా?"

"తిప్పడానికి ఏదైనా ఉంటుందేమోనని వెతికాను రహీమూ. మనకి లేదు కదా. నోటితో చెప్పాలని తెలియలేదు."

రహీమున్నీసా పైట చెంగు ఒకసారి కళ్ళకి అద్దుకుని, వసారా చివరున్న కిరసనాయిలు స్టవ్ దగ్గరికి వెళ్ళింది. టైము ఆరుంపావు అయింది. గిన్నె తీసింది. రోజూ తీసినట్టే, తనకి తెలియకుండానే, ముక్కుతో కూత తీసింది. సన్నగా మొదలై, నిండుగా నిలబడి, చివర ఒక్క పిసరు పైకి లేచే కూత.

గోనెసంచిలో రెండో జత పలికింది.

వలి సంచి మూతి విప్పాడు. బిరడాలు వాటంతటవే తిరుగుతున్నాయి. ముందు రెండో జతవి, తర్వాత వాటిని చూసి మిగతావి, గూట్లో పావురాలు సర్దుకున్నట్టు కాస్త ఇటూ కాస్త అటూ తిరిగి ఆగాయి. రెండో జత తీగలు రెండూ కలిసి ఒకే గొంతుతో ఆమె కూత ఆగేదాకా మోగాయి. ఆమె ఆగాక ఇంకో క్షణం మోగాయి. షాపు మూసి అప్పుడే వచ్చిన ఫిరోజ్ సైకిల్ స్టాండు వేయకుండా నిలబడిపోయాడు. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళకి, చేయి పెట్టేవాళ్ళు లేకుండా, వలికీ రహీమున్నీసాకీ పెళ్ళి వాయిద్యం మోగింది.

రహీమున్నీసా గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి టీ పెట్టింది. ఆ రోజు రెండో గ్లాసు ఫిరోజ్‌కి దక్కలేదు.

టీ తాగాక ఆమె అడిగింది. "ఈ జతలో ఇంకెవరెవరున్నారు?"

"చాలామంది. బాపట్ల సీతారావమ్మ గారూ, వాళ్ళ ఆయనా కూడా ఇదే."

"ఇప్పుడు నేను కూడా అన్నమాట."

"అవును."

"అంటే నాకు కోపమొచ్చినప్పుడు మీరు గోడ దగ్గరికెళ్ళి ఒక తిప్పు తిప్పుతారు. నేను మజ్జిగ కలిపేస్తాను."

నిజానికి ఆ ఆలోచన వలికి ఒక్క క్షణం వచ్చింది కూడా. ఆమె మాండలిన్ ఒళ్ళోకి తీసుకుని, రెండో జత పిడులు రెండూ పట్టుకుని లాగింది. జిగురు ఆరలేదు గనక ఊడొచ్చాయి. పిడి లేని ఇనప మొలని తిప్పడం మనిషి వేళ్ళతో కాదు. పిడులు కొంగున ముడేసుకుని, తమ్ముడి వైపు తిరిగింది.

"ఫిరోజ్, నా పెట్టె కట్టు. ఆ నీలం చీర తీగ మీదుంది, అది కూడా."

అర్ధగంటలో ఇద్దరూ తెనాలి బండి ఎక్కారు. మాండలిన్ ఆమె పట్టుకుంది, పెట్టె అతను పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆరుంపావుకి బాపట్లలో నరసింహారావు తలెత్తి, "తక్కువైంది" అన్నాడు. నలభై ఐదు రోజుల కిందటి ఉప్పు సంగతి. సీతారావమ్మ "అప్పుడే ఏడవచ్చుగా" అంది. ఇద్దరూ రాత్రి భోజనాల దాకా పోట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆమె విసనకర్ర తీసుకుని ఆయన పక్కన కూర్చుంది. నందివెలుగులో రాఘవయ్య భార్యని "ఒసే, జరుగు" అన్నాడట. ఆమె జరగలేదట.

రహీమున్నీసా కూత పాత బండి కూత కంటే చివర్లో ఒక పిసరు హెచ్చు. తీగలు దానికే కట్టుబడ్డాయి. అప్పటి నుంచీ ఈ మూడు ఊళ్ళల్లోనూ ఆడవాళ్ళ మాట ఒక పిసరు పైన నిలుస్తోంది. మగవాళ్ళు కొందరు దీని గురించి వలితో మాట్లాడదామని బయలుదేరారు. అరుగు దాకా వచ్చి, లోపల రహీమున్నీసా ఉందని చూసి, ఎండ బాగా కాస్తోందని చెప్పి వెళ్ళిపోయారు.

మిగతా మూడు జతలకీ వలి ఇప్పటికీ బిరడా తిప్పుతాడు. రెండో జత వాళ్ళు మాత్రం రహీమున్నీసా దగ్గరికి వెళ్ళాలి. ఆమె పిడులు తమలపాకుల పాందాన్‌లో, వక్కల అరలో ఉంటాయి. ఒకసారి సీతారావమ్మా నరసింహారావూ కలిసి వచ్చారు.

"తప్పెవరిది?" అంది రహీమున్నీసా.

ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు.

"అరుగు మీద కూర్చుని తేల్చుకుని రండి. తేలాక, చేసినవాళ్ళు నోటితో చెప్పాలి. అప్పటికీ తగ్గకపోతే తిప్పుతాను."

మధ్యాహ్నం దాకా తేల్చుకున్నారు. చెప్పాల్సిన మాట నరసింహారావు వీధి వైపు చూస్తూ చెప్పాడు. అయినా లెక్కకొచ్చింది. పాందాన్ తెరవాల్సిన అవసరం రాలేదు. ఇంతవరకూ ఎవరికీ రాలేదు. లోపల పిడులు ఇంకా ఉన్నాయో, వక్కలతో పాటు ఎవరికైనా చుట్టి ఇచ్చేసిందో కూడా తెలియదు.

మొన్న పొద్దున వలి కూర విషయంలో అనకూడని మాటేదో అన్నాడు. రహీమున్నీసా పగలంతా మాట్లాడలేదు. సాయంత్రం దాకా అతను హాల్లో అటూ ఇటూ తిరిగాడు. పిడి లేని ఆ రెండు మొలల వైపు ఒకటి రెండుసార్లు చూశాడు. పాందాన్ ఉన్న అల్మారా వైపు కూడా చూశాడు, ఒకసారే. తర్వాత వంటింటి గడప దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. దూరంగా సిగ్నల్ దగ్గర డీజిల్ బండి తుమ్మింది.

"రహీమూ, పొద్దున నేనన్న మాట అనాల్సింది కాదు."

ఆమె వెనక్కి తిరగలేదు. కూత తీసి, గిన్నె అందుకుంది. హాల్లో గోడ మీద మాండలిన్ రెండో జత సన్నగా పలికింది. ఆమె గిన్నెలో ఒక గ్లాసు నీళ్ళు పోసి, కాసేపు ఆగి, రెండోది కూడా పోసింది.